వంశపారంపర్య శ్వాసవ్యాధి: రోగుల పట్టికల విలువ యెంత?

పాఠశాలలో ప్రతి ఉదయము ఉపాధ్యాయుడు హాజరు పట్టిక తెరచి పేర్లు పిలుచును. ఏ పిల్లవాడు ఎన్ని దినములు వచ్చినాడు, ఎవరు తరచుగా మానుచున్నారు, నాట్ల రోజులలో హాజరు ఎంత పడిపోవును మొదలైన సంగతులెన్నో ఆ పట్టికను బట్టి చెప్పవచ్చును. కాని ఆ ఊరిలో బడియీడు పిల్లలు మొత్తము ఎందరు, వారిలో బడి గడప త్రొక్కనివారు ఎందరు అని ఎవరైన అడిగినచో ఆ పట్టిక బదులు చెప్పలేదు. అందులో పేరు లేనివాని గొడవ దానికి పట్టదు. ఇది అందరికి తెలిసిన ముక్కయే. అయినను ఈ చిన్న ముక్కను మరచిపోవుట వలన వైద్యశాస్త్రములో ఒక వ్యాధిని గూర్చి చాలకాలము పొరపాటు అభిప్రాయములు చెలామణి అయినవి. ఆ వ్యాధికి వాడు మందు నిజముగా పనిచేయుచున్నదా లేదా అను ప్రశ్న కూడ చాలవరకు ఈ కారణముననే ఏండ్ల తరబడి తేలక నలిగినది. ఆ వ్యాధి పేరు ఆల్ఫా-1 ఆంటీట్రిప్సిన్ లోపము.

స్వీడన్ దేశపు దక్షిణపు కొనయందు మాల్మో అను పట్టణము కలదు. అచ్చటి ఆసుపత్రి ప్రయోగశాలలో కార్ల్-బెర్టిల్ లారెల్ అను శాస్త్రజ్ఞుడు రోగుల రక్తరసమును కాగితపు పీలికలపై నుంచి, విద్యుత్తును ప్రసరింపజేసి, అందలి మాంసకృత్తులను వేరుచేసి చూచుచుండెను. విద్యుత్ క్షేత్రములో ఒక్కొక్క మాంసకృత్తు ఒక్కొక్క వేగముతో కదలును. కావున పీలికమీద అవి వేర్వేరు చారలుగా ఏర్పడును. ఇంచుమించు 1500 పీలికలను పరిశీలించునప్పటికి ఐదింటిలో ఆల్ఫా-1 అనబడు చార కనబడలేదు. ఇతరుడైనచో కాగితము చెడిపోయినదని ప్రక్కకు నెట్టియుండును. లారెల్ అట్లు చేయక, స్టెన్ ఎరిక్సన్ అను యువ వైద్యునితో కలిసి ఆ ఐదుగురు ఎవరో వెదకించెను. వారిలో ముగ్గురికి ఊపిరితిత్తులు చెడి ఆయాసము కలిగించు ఎంఫిసీమా అను జబ్బు ఉన్నట్లు తెలిసినది. 1963లో వారిరువురు ఈ విషయమును ప్రకటించిరి. చారలో లేనిది ఆల్ఫా-1 ఆంటీట్రిప్సిన్ అను మాంసకృత్తు. అది లేకపోవుట వంశపారంపర్యముగ వచ్చునని ఎరిక్సన్ తరువాతి పరిశోధనలో నిరూపించెను.

ఈ మాంసకృత్తు పేరు కొంత దారి తప్పించునట్టిది. ట్రిప్సిన్ అనునది ఆహారమును జీర్ణము చేయు ఎన్‌జైము. దానిని ఆపునది కనుక ఆంటీట్రిప్సిన్ అని పేరు పెట్టిరి. కాని దాని అసలు ఉద్యోగము వేరు. ఊపిరితిత్తులలోనికి సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు వాటిని చంపుటకు తెల్లకణములు పరుగెత్తి వచ్చును. ఆ తెల్లకణములు ఎలాస్టేజు అను ఎన్‌జైమును విడుచును. ఎలాస్టేజు శత్రువును చంపుటతో ఆగదు. వాయుకోశముల గోడలకు సాగుడు గుణము నిచ్చు ఎలాస్టిన్ పోగులను కూడ కొరికివేయును. దొంగలను తరుమ వచ్చిన కావలివాడు ఇంటి తలుపులు కూడ విరుగగొట్టినట్లన్నమాట. ఈ చేటును ఆపునదే ఆల్ఫా-1 ఆంటీట్రిప్సిన్. ఇది ముఖ్యముగ కాలేయములో తయారై, రక్తముతో ఊపిరితిత్తులకు చేరి, ఎలాస్టేజును పట్టి బంధించును.

దీనిని తయారుచేయు జన్యువు 14వ క్రోమోసోముపై కలదు. విద్యుత్ క్షేత్రములో పరుగెత్తు వేగమును బట్టి దీని రూపములకు ఆంగ్లాక్షరములు పేర్లుగా పెట్టిరి. వేగముగ పోవునది ‘ఎఫ్’, మధ్యస్థమైనది ‘ఎం’, మెల్లగ పోవునది ‘ఎస్’, అన్నిటికంటె వెనుకబడునది ‘జడ్’. ఎక్కువ మందిలో ఉండునది ‘ఎం’. ‘జడ్’ రూపములో 342వ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు లైసీన్ చేరును. 394 ఎమినో ఆమ్లముల గొలుసులో ఒక్క పూస మారినది, అంతే. కాని ఆ మార్పు వలన అణువులు ఒకదానికొకటి తగులుకొని కాలేయ కణములలోనే ముద్దకట్టును, రక్తములోనికి రావు. తలిదండ్రు లిరువురి నుండియు ‘జడ్’ జన్యువే సంక్రమించినవారి రక్తములో ఈ మాంసకృత్తు మామూలులో నూటికి 10 నుండి 15 వంతులు మాత్రమే ఉండును. దీనికి తోడు సిగరెట్టు త్రాగినచో, పొగ ఆ మిగిలిన కొంచెము మాంసకృత్తులో 358వ స్థానముననున్న మెథియోనీనును ఆక్సీకరించి దానిని నిరుపయోగము చేయును. పొగకు తెల్లకణములు కూడ ఎక్కువగా చేరును. శత్రువు బలము పెరుగుట, రక్షకుని చేతి కత్తి మొక్కవోవుట ఒకేసారి జరుగునన్నమాట. ముద్దకట్టిన మాంసకృత్తు కాలేయమును కూడ చెరుపగలదని 1969లో తెలిసినది.

‘జడ్’ జన్యువు ఉత్తర ఐరోపా ప్రజలలోను, వారి సంతతిలోను ఎక్కువ. మన దేశములో మిక్కిలి అరుదు. స్వీడనులో సైతము ఇంచుమించు 1600 జననములకు ఒక్కరికి మాత్రమే ఈ లోపము పూర్తిగా ఉండును. ఇట్టి వ్యాధిని ఒక్క ఆసుపత్రిలో కూర్చుండి అధ్యయనము చేయుట అసాధ్యము. ఒక వైద్యుడు తన జీవితకాలములో పదిమందిని చూచునో లేదో! చూచినను గుర్తించుట కష్టము, ఏలయన ఆయాసముతో వచ్చినవానిని ఉబ్బసరోగి యనియో పొగత్రాగుడు ఫలమనియో తలచి పంపివేయుదురు. 1994లో అమెరికాలో ప్రకటితమైన ఒక సర్వేలో మొదటి లక్షణము కనిపించిన నాటి నుండి అసలు రోగము తెలియుటకు సగటున 7.2 సంవత్సరములు పట్టినట్లు తేలినది. ఐదుగురిలో ఇద్దరికి పైగా కనీసము ముగ్గురు వైద్యుల చుట్టు తిరిగిన తరువాతనే సంగతి తెలిసినది. (ఆ సర్వేకు బదులు వ్రాసినవారందరు ఎట్లో ఒకట్లు రోగము తెలిసినవారే అని గమనింపవలెను. తెలియకయే మరణించినవారికి పట్టిన కాలము ఆ సగటులో చేరలేదు.)

కనుక చెదరియున్న రోగులను ఒకచోట చేర్చు సాధనముగ రోగుల పట్టికలు పుట్టినవి. దేశములోని వైద్యులందరు తాము గుర్తించిన రోగుల వివరములను ఒక కేంద్రమునకు పంపుదురు. వయస్సు, జన్యురూపము, పొగత్రాగు అలవాటు, శ్వాసబలము మొదలగునవి వ్రాసికొని ఏటేట వారిని పరీక్షించుచు పోవుదురు. డెన్మార్కులో 1978లోను, అమెరికాలో 1989లోను, స్వీడనులో 1991లోను ఇట్టి పట్టికలు మొదలైనవి. 1997లో పలుదేశముల వారు కలిసి ఒక అంతర్జాతీయ పట్టికను ఏర్పరచిరి. చేసిన మేలు సామాన్యము కాదు. అయితే మేలును చెప్పువారు చాలమంది కలరు. ఇచ్చట వాని లోటుపాట్లను కొంచెము నిదానముగ చూడవలసి యున్నది.

మొదటి లోటు హాజరు పట్టికను గూర్చి చెప్పినదే. పట్టికలో చేరినవారు ఎట్లు చేరిరి? 1978లో లార్సన్ అను స్వీడిష్ వైద్యుడు 246 మందిని గూర్చి ప్రకటించిన అధ్యయనమును చూడుడు. పొగ త్రాగువారికి సగటున 40వ యేట, త్రాగనివారికి 53వ యేట ఆయాసము మొదలైనదని అందు తేలినది. పదుమూడేండ్ల తేడా! పొగ మానవలెనని చెప్పుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము అక్కరలేదు. ఈ భాగము నేటికిని చెక్కుచెదరలేదు. కాని దీనినుండి పాఠ్యగ్రంథములు మరియొక నిర్ణయము చేసినవి: ఈ లోపముతో పుట్టినవాడు పొగ త్రాగకున్నను ఏబది దాటగనే ఆయాసపడి, ఆయువు తీరకమునుపే పోవునని. ఈ నిర్ణయము ఆ అంకెలలో లేదు. ఆ జనులలో చాలమంది ఆయాసము వచ్చి ఆసుపత్రికి పోయినందువలన గుర్తింపబడినవారు. ఆయాసము రానివాడు ఆసుపత్రికి పోడు, రక్తము ఈయడు, పట్టికలో చేరడు. ఆసుపత్రి మెట్లమీద నిలబడి ఊరి ఆరోగ్యమును కొలిచినట్లుండును ఇది.

దీనికి తగిన బదులు అదే స్వీడనులో అప్పటికే తయారగుచుండెను. 1972 నవంబరు నుండి 1974 సెప్టెంబరు వరకు పుట్టిన 2 లక్షల మంది శిశువుల రక్తమును పరీక్షించి, పూర్తి లోపము కలవారిని 127 మందిని కనుగొనిరి. ఇది ఆసుపత్రికి వచ్చినవారి పట్టిక కాదు, పుట్టినవారి పట్టిక. ఊరిలోని ఇంటింటికి పోయి బడియీడు పిల్లలను లెక్కవ్రాసినట్టిది. మొదట పరిశీలించిన 120 మందిలో 14 మందికి శైశవములో దీర్ఘకాలపు కామెర్లు కనిపించినవి. కొందరు బాల్యములోనే కాలేయము చెడి మరణించిరి. ఆ గండము దాటినవారు పెరిగి పెద్దవారైరి. ముప్పది ఏండ్ల వయస్సున పరీక్షించినపుడు పొగ త్రాగనివారిలో ఎక్కువమంది ఊపిరితిత్తులు మామూలుగనే పనిచేయుచుండెను. ఆసుపత్రి పట్టిక గీసిన బొమ్మకును దీనికిని పొంతన లేదు.

అయితే శిశుపట్టిక నిర్దోషమైనదని తలచుట కూడ తొందరపాటే. తమ పసిబిడ్డకు ఏనాటికో ఊపిరితిత్తులు చెడవచ్చునని వినిన తలిదండ్రులు మిక్కిలి క్రుంగిపోయిరి. ఆ కారణము ముఖ్యముగ 1974లో ఆ పరీక్షలను నిలిపివేసిరి. శాస్త్రమునకు ఉపయోగించిన పట్టిక కుటుంబములకు నిద్ర లేకుండ చేసినది. పట్టికల గుణదోషములను ఎంచునపుడు ఈ ఖర్చును కూడ లెక్కలో వేయవలెను, కాని దీనిని వేయువారు అరుదు. మరొక చిక్కు కలదు. ఆ పిల్లలు పదునెనిమిదేండ్ల వారైనపుడు చూడగా వారిలో పొగ త్రాగువారు తోటి యువకులకంటె తక్కువగా నుండిరి. మంచిదే. కాని దానివలన ఆ పట్టిక రోగపు సహజగతిని చూపునది కాకపోయినది. తన లోపము తెలిసినవాడు జాగ్రత్తగా బ్రతుకును. తెలియనివాడు అట్లు బ్రతుకడు. చూచుటయే చూడబడు వస్తువును మార్చినది. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు ఈ ఇబ్బంది క్రొత్త కాదు.

డెన్మార్కు వారు తమ పట్టికలోనే ఈ లోటును కొంత పూడ్చుకొనిరి. వారి ఉపాయము మెచ్చుకొనదగినది. ఒక రోగి దొరకినపుడు అతని అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను కూడ పరీక్షించి, లోపము కలవారిని పట్టికలో చేర్చిరి. అయితే అందరిని ఒకే గంపలో వేయక, జబ్బుచేసి తామై వచ్చినవారిని ఒక వర్గముగను, బంధుత్వము వలన వెదకి పట్టుకొన్నవారిని మరియొక వర్గముగను వ్రాసికొనిరి. 1994లో సీర్స్‌హోము మొదలగు వారు ఈ రెండు వర్గముల ఆయుర్దాయమును పోల్చిరి. తామై వచ్చినవారు త్వరగా మరణించిరి. వెదకి పట్టుకొన్నవారు చాల ఎక్కువకాలము జీవించిరి. వారిలో పొగ త్రాగనివారి ఆయువు తక్కిన జనుల ఆయువుకు దగ్గరగానే ఉండెను. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే జన్యువులు పంచుకొన్నవారు! తేడా అంతయు పట్టికలో ఏ ద్వారమున ప్రవేశించిరి అను దానిలో ఉన్నది. స్వీడిష్ పట్టిక కూడ తరువాత ఇదే మాట చెప్పినది: పరీక్షల మూలమున కనుగొనబడి, ఎన్నడు పొగ త్రాగనివారి ఆయుర్దాయము సామాన్య జనుల దానితో సమానము.

ఒక్క నలువది ఏండ్ల మనుష్యుని తలచుకొనుడు. అతని అన్నకు ఈ రోగము బయటపడినది. తమ్ముడైన తనకు కూడ అదే లోపము కలదని నిన్ననే తెలిసినది. ఆయాసము లేదు, పొగ త్రాగడు. వైద్యుడు అతనికి ఏ అంకెలు చూపవలెను? అన్న వంటివారి అంకెలు చూపినచో అతడు ఉద్యోగము, పిల్లల చదువు, సమస్తమును ఆ భయముతోనే నిర్ణయించుకొనును. పట్టికలో “ఈ వ్యక్తి ఎట్లు కనుగొనబడెను?” అను ఒక్క గడి ఉన్నదా లేదా అను దానిమీద ఇంత ఆధారపడి యున్నది.

ఇక మందు సంగతి. లోపించినది మాంసకృత్తు గనుక దానిని బయటినుండి ఎక్కింపవచ్చును గదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి. దాతల రక్తరసమునుండి దానిని శుద్ధిచేసి వారమున కొకసారి నరములోనికి ఎక్కింతురు. 1987లో ప్రకటింపబడిన 21 మంది రోగుల పరిశీలనలో రక్తములో దాని పాలు పెరుగుచున్నదని తేలినది. ఆ సంవత్సరము డిసెంబరులో అమెరికా ప్రభుత్వము మందును అనుమతించినది. రక్తములో అంకె పెరిగినది నిజము. ఊపిరితిత్తులు నిలిచినవా? ప్రాణము నిలిచినదా? అది ఎవరును చూపలేదు. చూపుటకు సరియైన మార్గము చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందును, రెండవ జట్టుకు మందు లేని ఉత్త ద్రావణమును ఇచ్చి చూచుట. రోగము మెల్లగా నడుచునది కాబట్టి అందుకు చాలమంది రోగులు, చాల సంవత్సరములు, చాల ధనము కావలెనని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు వెనుదీసిరి. దానికి బదులుగ 1989లో ఒక పట్టిక తెరచిరి. 37 కేంద్రములలో 1129 మందిని చేర్చి, 1996 వరకు పరిశీలించి, 1998లో ఫలితములను ప్రకటించిరి. ఈ వ్యాధిని గూర్చిన పట్టికలలో ఇంతగా ఉదహరింపబడినది, ఇంతగా తప్పుగా ఉదహరింపబడినది మరొకటి లేదు.

ఆ నివేదిక చెప్పిన మాటలు ఇవి. మందు పుచ్చుకొన్నవారిలో మరణములు పుచ్చుకొననివారికంటె తక్కువ. ఇతర భేదములను లెక్కకట్టి సరిచేసిన తరువాత ఆ నిష్పత్తి 0.64. శ్వాసబలము విషయములో మాత్రము మొత్తముమీద తేడా కనబడలేదు. (గుండె నిండ గాలి పీల్చి, బలముగా ఊది, మొదటి సెకనులో విడువగల గాలి పరిమాణమును శ్వాసబలమునకు కొలతగా తీసికొందురు. ఆరోగ్యవంతునికి కూడ వయస్సుతోపాటు ఏడాదికి 25, 30 మిల్లీలీటర్లు తగ్గును.) శ్వాసబలము మామూలులో నూటికి 35 నుండి 49 వంతుల మధ్యనున్నవారిలో మాత్రము మందు తీసికొన్నవారికి తరుగుదల మెల్లగా నున్నది.

ఇచ్చట విద్యార్థులు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. మందు ఊపిరితిత్తులను కాపాడుట ద్వారానే ప్రాణము నిలుపవలెను. శ్వాసబలపు తరుగుదలలో మొత్తముమీద తేడా లేనప్పుడు మరణములలో అంత తేడా ఎచ్చటినుండి వచ్చినది? శ్వాసబలము అంత సున్నితమైన కొలత కాదు, అది నిజమే. కాని మరియొక సమాధానము కూడ కలదు. ఈ మందు ఖరీదు సంవత్సరమునకు దాదాపు లక్ష డాలర్ల వరకు ఉండును. భీమా లేనివానికి అది అందని పండు. భీమా కలవాడు మంచి ఆహారము తినును, జలుబు చేసిన మరునాడే వైద్యునికి చూపించుకొనును, మంచి వైద్యశాలకు పోవును. వారమువారము సూది వేయించుకొన వచ్చువానిని ఎవరో ఒకరు వారమువారము చూచుచుండిరి. అతడు ఎక్కువకాలము బ్రతికినచో ఆ గొప్ప మందుదో, మిగిలిన వాటిదో పట్టిక తేల్చి చెప్పజాలదు. మరియొకటి: మందు మొదలుపెట్టువరకు బ్రతికియున్నవాడే మందు పుచ్చుకొన్నవాడగును. అంతకుముందే మరణించినవాడు పుచ్చుకొనని జట్టులో పడును. లెక్కలో జాగ్రత్తపడనిచో మందుకు ఈ మేలు ఊరకయే దక్కును.

నివేదిక వ్రాసినవారు ఈ సందేహములను దాచలేదు. ఇది చీటీలు వేసి చేసిన ప్రయోగము కాదు గనుక, తాము అదుపు చేయలేని ఇతర కారణములు ఉండవచ్చునని వారే వ్రాసిరి. దోషము వారిది కాదు. ఆ హెచ్చరికను విడిచి 0.64 అను అంకెను మాత్రము ఎత్తి వాడుకొన్నవారిది. ఆ పట్టికలో నూటికి 70 మందికి పైగా ఆయాసము మూలముననే గుర్తింపబడినవారు. దాదాపు అందరు తెల్లజాతివారు.

ఇంతకంటె విచిత్రమైన పోలిక 1997లో వెలువడినది. జర్మనీలో మందు వాడుకలో నున్నది కాని వాడనివారి పట్టిక లేదు. డెన్మార్కులో మందు వాడుక లేదు కాని మంచి పట్టిక కలదు. ఇంకేమి, జర్మనీనుండి 198 మందిని, డెన్మార్కునుండి 97 మందిని తీసికొని ప్రక్కప్రక్కన నిలబెట్టిరి. మందు వాడిన జర్మనుల శ్వాసబలము ఏడాదికి 53 మిల్లీలీటర్లును, వాడని డేనులది 75 మిల్లీలీటర్లును తగ్గుచున్నదని తేలినది. చాతుర్యమును మెచ్చవలసినదే. కాని రెండు దేశముల వైద్యులు వేరు, కొలుచు యంత్రములు వేరు, రోగులను ఎన్నుకొన్న తీరు వేరు. కృష్ణాజిల్లాలో ఎరువు వేసిన చేనిని, అనంతపురములో ఎరువు వేయని చేనిని పోల్చి ఎరువు గుణమును నిర్ణయించుటకు వ్యవసాయశాఖవారు ఒప్పుకొందురా?

తుదకు చీటీలు వేయకతప్పలేదు. 1999లో డెన్మార్కు, హాలెండు దేశముల వైద్యులు 56 మందిపై మూడేండ్లు జరిపిన ప్రయోగమును ప్రకటించిరి. శ్వాసబలములో తేడా లేదు. ఎక్స్-రే కిరణములతో పొరలు పొరలుగా చిత్రించి ఊపిరితిత్తుల సాంద్రతను కొలిచినపుడు మాత్రము మందు వాడినవారిలో నష్టము తక్కువగా కనిపించినది, కాని నిశ్చయముగ చెప్పుటకు చాలినంత కాదు. వారు ఒక ఉపయోగకరమైన లెక్క కట్టిరి. నష్టము సగమునకు తగ్గినదని శ్వాసబలము ద్వారా చూపుటకు 550 మంది కావలెను. సాంద్రత ద్వారా తాము చూచిన మేలును స్థిరపరచుటకు 130 మంది చాలును. ఈ దారినే నడిచి 2015లో 180 మందితో, 13 దేశములలో రెండేండ్లు జరిగిన ప్రయోగపు ఫలితములు వెలువడినవి. నిండ గాలి పీల్చినప్పటి సాంద్రత లీటరుకు ఏడాదికి మందు వాడినవారిలో 1.45 గ్రాములును, వాడనివారిలో 2.19 గ్రాములును తగ్గినది. మందు కొంత పనిచేయుచున్నదని ఇప్పుడు చెప్పవచ్చును. అయినను రోగి పీల్చునది గాలిని గాని సాంద్రతను కాదు. శ్వాసబలములో ఈసారియు తేడా రాలేదు. 180 మందితో రెండేండ్లలో మరణములను గూర్చి ఏమియు తేల్చలేము. అందుకే కొన్ని దేశముల ప్రభుత్వములు ఈ మందు ఖర్చు భరించుటకు ఒప్పుకొన్నవి, కొన్ని ఒప్పుకొనలేదు.

పట్టికలు పనికిరావనుటకు ఇంత చెప్పలేదు. ఆ 180 మందిని 13 దేశములలో వెదకి పట్టుట పట్టికలు లేనిచో ఎట్లు సాధ్యము? ఏ కొలత ఏడాదికి ఎంత మారునో తెలియక ప్రయోగమునకు ఎందరు కావలెనో ఎట్లు లెక్కకట్టుదురు? రోగము నడచు దారిని చూపుట, ప్రయోగమునకు మనుష్యులను సమకూర్చుట, అరుదైన ఉపద్రవములను పసిగట్టుట పట్టిక పనులు. రెండు జట్ల మధ్య తేడాకు కారణము చెప్పుట పట్టిక పని కాదు. త్రాసుతో పొడవు కొలువబోయి త్రాసును తిట్టుట న్యాయము కాదు గదా.

1995లో అమెరికాలో ముగ్గురు రోగులు తామే ఆల్ఫా-1 ఫౌండేషన్ అను సంస్థను స్థాపించిరి. వారిలో జాన్ వాల్ష్ అనునతడు 2017లో మరణించువరకు దానికొరకే పాటుపడెను. ఆ సంస్థ కూడ పరిశోధనకై ఒక రోగుల పట్టికను నడపినది. రోగులే ముందుకు వచ్చిన పట్టికలో చేరువారి సంఖ్య పెరుగును. అయితే ఉత్సాహము, చదువు, ఓపిక కలవారు ఎక్కువగా చేరుదురు. ఇదియు ఒక ద్వారమే. ఐరోపావారు 2020లో మొదలిడిన క్రొత్త పట్టికలో ప్రతి దేశములోను ఒకే పద్ధతిగా, ఏర్పరచిన కాలవ్యవధిలో రోగులను పరీక్షించుచున్నారు. పాత అంతర్జాతీయ పట్టికలో దేశమునకొక తీరుగా కొలతలు చేరిన చిక్కు దీనిలో కొంత తీరును. అరుదైన రోగుల విషయములో మరియొక జాగ్రత్త అవసరము. పేరు తీసివేసినంత మాత్రమున మనిషి మరుగుపడడు; ఒక జిల్లా మొత్తములో ఇట్టి రోగి ఒక్కడే ఉన్నప్పుడు వయస్సు, ఊరు చెప్పిన చాలును, అతడెవరో తెలిసిపోవును.

మన దేశములో 2021లో ప్రకటింపబడిన అరుదైన వ్యాధుల జాతీయ విధానములో ఇట్టి రోగుల జాతీయ పట్టికను భారత వైద్య పరిశోధనా మండలి నడపవలెనని వ్రాసియున్నది. ఆ విధానము క్రింద గుర్తింపు పొందిన కేంద్రములలో హైదరాబాదులోని నిజాము వైద్య విజ్ఞాన సంస్థ, డి.ఎన్.ఏ. పరిశోధనా కేంద్రము కలిసి ఒకటిగా నున్నవి. మన పట్టికలోని రోగములు వేరు. మన రోగులు కేంద్రమునకు చేరు ద్వారములును వేరు. రైలు చార్జీలు పెట్టుకొని రాజధానికి రాగలిగినవాడు, తల్లితండ్రులు మేనరికము గనుక వైద్యునికి అనుమానము కలిగినవాడు, ఒక బిడ్డ పోయిన తరువాత రెండవ బిడ్డను చూపించుకొన వచ్చినవాడు, ఇట్లు వచ్చుదురు. ఎవరు ఏ ద్వారమున వచ్చిరో వ్రాసికొనినచో ఆ పట్టికకు విలువ ఉండును.

మాల్మోలోని శిశుపట్టిక ఇంకను మూయబడలేదు. 1972, 1974 సంవత్సరముల మధ్య పుట్టిన ఆ బిడ్డలు ఇప్పుడు ఏబదియవ పడిలో నున్నారు. వారి 43, 45 ఏండ్ల వయస్సు వరకు జరిగిన మరణముల లెక్క 2019లో ప్రకటితమైనది. అందులో సగమునకు పైగా బాల్యమునందు సంభవించినవే. లార్సన్ పట్టికలో పొగ త్రాగనివారికి సైతము ఆయాసము మొదలైనదని చెప్పిన 53వ యేటికి ఇప్పుడిప్పుడే వారు చేరి, దాటుచున్నారు.